పలక తొట్టి

మార్కాపురం ఎండ
మా పెరట్లోనే కాపురం పెట్టిన యేడు,
నాలుగు దినాలకొక ట్యాంకరు.
డ్రమ్ము మీద మూత, మూత మీద రాయి.

కుక్కలకని నేను పెట్టిన పలకరాతి తొట్టిని
మా ఆయన బిందెల్లో లెక్కేసేవాడు.
"ఉండేది రెండు కుక్కలు. నీళ్లెట్టా అయిపోతాండాయి?"

బూడిదోడు ముసలోడు, కళ్లకు పొరలు.
మిరియం పసిది, తొండను చూసినా ఎగురుద్ది.
రాత్రి ఏం జరిగిందో
తెల్లారి గని దుమ్ములో చదివేది మా పావని,
మోకాళ్ల మీద వొంగి, వేలు పెట్టి:

"ఇది ముంగిస, పరిగెత్తుకుంటా వొచ్చింది.
ఇది ఉడుము, తోక గీసుకుంటా పోయింది.
ఇయ్యి కౌజులు, పిల్లల్తో.
మిరియం ఇక్కడిదాకా దూకిందమ్మా,
ఇదో, బూడిదోడు అడ్డం పడుకున్నాడు."

నిజమే. తొట్టికి మూరెడు ఇవతల
ముసలి పొట్ట ఆనిన గుంట,
దాని చుట్టూ తిరిగి తిరిగి
ఆగిపోయిన పసి కాళ్లు.

మా ఆయన విన్నాడో లేదో,
దగ్గాడు.
ఆ సాయంత్రం గని నుంచి వొచ్చి
కాళ్లకని ఉంచిన చెంబు పట్టుకుని
చానాసేపు నిలబడ్డాడు.

మర్నాడు పావని చదివిన దాంట్లో
ఒక జత హవాయి చెప్పులుండాయి,
తొట్టి దాకా పోయి
వెనక్కి తిరిగినయ్యి.