గిర్నీ బందున్న అమాస

సీడీలు, డీవీడీలు ఎవరూ సూడని కాలమొచ్చినంక
నా దుకాణంల మిగిలినవి పద్నాలుగు రైటర్లు,
రశీదుల కట్ట,
ఎవరిదో, ఏనాడూ తీస్కపోని ఇస్త్రీపెట్టె.

ఒక్కో రైటర్ కడుపుల జొన్నగింజంత లేజరు.
చిమ్టాతోని తీయాలె, ఊపిరి బిగవట్టి.
మన ఒంట్లున్న కరెంటు తాకినా సచ్చిపోతది.
మొదటి మూడు అట్లనే పోయినయి.
ఒకటి మాత్రం పోయేముందు
గోడ మీద ఎర్రగ ఒక్క రెప్ప కొట్టింది.

నాలుగోది నిలవడ్డది.
వేడి గుంజుకోను పాత టీవీల నుంచి
అల్యూమినియం రెక్క తెచ్చి తొడిగిన.
మూడు సెల్లులు, ఒక రెసిస్టరు.
ఎక్కువిస్తె మాడుతది, తక్కువిస్తె లేవదు,
మా ఇంట్ల అందరి తీరే.

ఇంక డాల్డా డబ్బా. రెండు దిక్కుల కోసి
ఒక మూతికి పుట్టినరోజు బుగ్గను సాగదీసి కట్టిన.
బుగ్గ మీద గోరంత అద్దం,
ఇలియాస్ కటింగ్ షాపుల పలిగింది.
ఇవతలి మూతిల మాట్లాడితె అద్దం వణుకుతది,
దాని మీద పడ్డ చుక్క
అవతల గోడ మీద గీతయి లేస్తది.
మామూలు అద్దమే గనక
చుక్క పక్కకు సన్నగ ఇంకో చుక్క.
పోగొడ్దామని రెండు రోజులు సూసిన.
ఉండనీ, అనుకున్న.

ఇంట్ల అయితే గోడ మీదనే కనవడ్డది.
వెలుగు నడిచొచ్చిన తోవ కనవడలె.
తోవ కనవడాలంటె గాలిల ఏదన్న ఉండాలె.
ఊదుకడ్డీలు ఎనిమిది ముట్టిస్తె
ప్రయాగ తలుపు తీసి బయటికి నూకింది,
నన్నూ, డబ్బానూ.

"మా గిర్నీకి రారాదు" అన్నది చంద్రభాగవ్వ.
ధర్మాబాదుల మిర్చి బేరం అమాసకు బందు.
మిషిన్లు ఆగినా ఎర్రపొడి దిగదు,
ఎన్నేండ్ల సందో దూలాల మీద కూసున్నది.

ఆమె ఒక ఖాళీ బస్తా ఇదిలిచ్చింది.

పట్టుపోగు. కాదు.
కాలిన సీకు. అదీ కాదు.
తలుపు నుంచి గోడ దాక
గాలిల ఎర్రగ, ఏ ఆధారం లేక, నిలవడ్డది.
పిల్లలు పట్టుకోను ఉరికొచ్చిన్రు.
"కండ్లల్ల పడనీయొద్దు" అని
అందరిని నా ఈపు ఎనక నిలవెట్టిన.
గణపతి ఊరేగింపుల నాందేడ్ బండి లెక్క
జనం మొకాల మీద కొట్టే ఆట కాదిది.

ఇలియాస్ తన మేక పేరు పిలిచిండు,
చేపముల్లు వొచ్చింది.
హమాలీ కిషనన్న మరాఠీల బస్తాలు లెక్కవెట్టిండు,
తెలుగుల తిట్టిండు,
రెండూ ఒక్క తీరే ముడివడ్డయి.

అటెనుక చంద్రభాగవ్వ డబ్బా అందుకున్నది.
ఏదో పాట అందామని నోరు తెరిచింది,
దగ్గొచ్చింది.

ముప్పై ఒక్క సీజన్లు తొడిమెలు తీసిన దగ్గు.
గీత గోడ దాటి రేకుల మీదికెక్కింది,
తెగింది, కలిసింది, ఏడు ఆకులుగ ఇచ్చుకున్నది,
దాని పక్కపొంటి ఆ సన్న గీత
అడుగు ఎనక, అన్ని ఆకులూ మళ్ల గీసింది.
మేమెవ్వరం మాట్లాడలె.
డబ్బా దించి, కొంగుతోని మూతి తుడుసుకొని
ఆమె సూస్తనే ఉన్నది.
గీత చుక్కయిందాక.

"దవాఖానల ఫోటో తీసిన్రు.
నల్లగ పొగ లెక్క, ఏం సమజ్ గాలె.
ఇగో, ఇదీ నాది" అన్నది.

నేను వైర్లు పీకుతుంటె దగ్గరికొచ్చి
గుసగుసగ అడిగింది:
"వచ్చే అమాసకు సేటును గూడ పిలుద్దామా?
కూలి లెక్క చెప్పుకుంట డబ్బాల మాట్లాడమందాం.
గోడ మీద ఏం లేస్తదో సూద్దాం."

ఇంటికొచ్చి అద్దం తుడిసిన. పంచె అంచు ఎర్రగైంది.
రైటర్లు లెక్కవెట్టుకున్న.
ఇంకా పది ఉన్నయి.