అడుగులో అడుగు

ఏపీ ఇరవయ్యారు, తెల్ల సుమో.
పదకొండేళ్ళుగా సూళ్ళూరుపేట స్టేషన్ బయట
రాజహంసలు చూపిస్తా రండని కేకేసేది నేనే,
పులికాటు నీళ్ళకు చక్రాలు తడిసేదాకా తోలేది నేనే.
నీళ్ళకు ఎంత దగ్గరికి పోతే
అంత టిప్పు.

ఆ వేసంగి పొద్దున
భీమునివారిపాలెం అవతల ఇసక మీద
చెంచురత్నం బండికి అడ్డం నిలబడింది.
చేతిలో పీతల బుట్ట, నడుముకు పాత వల పేలిక.
"దిగబ్బయా. చెప్పులిడిసి దిగు."

తిట్టబోయి దిగా.
చక్రానికి జానెడు ముందు
మడమ నొక్కినంత గుంట.
అందులో ఏమీ లేదన్నా.
కూచోమంది. కూచున్నా.
ఇంకా వంగమంది.
ముక్కు ఇసక్కి తగిలేంతలో
ఇసకే మూడు తావుల గుండ్రంగా అయింది.
ఉల్లంకి గుడ్లు.

అవతల తల్లి
విరగని రెక్కను విరిగినట్టు ఈడ్చుకుంటా
నా కోసరం నాటకమాడతా ఉంది:
నన్ను పట్టుకో, నన్ను పట్టుకో,
అటు మాత్రం చూడమాక.

నేను వెనక్కి చూశా.
రోడ్డు నుంచి నా కాళ్ళ దాకా
రెండు కాలవల మాదిరి చక్రాల జాడ.
అందులో ఎన్ని గుంటలుండాయో
ఆమె చెప్పలా. నేనడగలా.

"మనిషి జాడ మాపటి గాలికి పూడద్ది.
బండి జాడ పూడదు నాయనా.
పైపొక్కు పగిలిందంటే
గాలి దాన్ని కొరుక్కు తింటానే ఉంటది.
పోయినేడు తీగ పారిన తావు, అదిగో."

బాలబంద తీగ వేళ్ళు
గాల్లో వేలాడతన్నాయి,
దారాలూడిన గోనెసంచి మాదిరి.

ఇప్పుడు రోడ్డు కాడే బండాపుతా.
అంతదూరం నడవాలా అని గొణుగుతారు.
చెన్నై నుంచొచ్చిన ఒకాయన సగం బాడుగే ఇచ్చినాడు.
మస్తానయ్య బండి నీళ్ళ దాకా పోద్ది,
బేరాలన్నీ అటే.
ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలా.

చెంచురత్నం సర్వి పుల్లలు నాటి
చినిగిన వల తాళ్ళతో దారి కట్టింది,
ఒక మనిషి వెడల్పు.
గుడ్ల కాలమంతా దాని మీదే నడక,
ఒకరి అడుగులో ఒకరు.
ముప్పై మంది పోయినా
ఒక్కడు పోయినట్టుండాల. ఆమె లెక్క అది.

నిన్న ఒక పిల్ల, ఏడేళ్ళుంటాయేమో,
నా అడుగు తనకందక
దూకి దూకి నడస్తా అడిగింది:
"అంకుల్, అందరికన్నా మొదటి అడుగు ఎవరిది?"

తాడుకు అవతల,
సన్నటి కుట్టుపని మాదిరి
మూడువేళ్ళ జాడ నీళ్ళ దాకా పోయుంది.
చూపించబోయా.
పిల్ల తాడు దాటుద్దేమోనని
వేలు మళ్ళా జేబులో పెట్టుకున్నా.