సబ్బునీళ్ళ చదువు

సోమవారం తెల్లారేసరికి
కొండమీది కాలేజీ నుంచి పదకొండు మూటలు
నా పెరట్లోకి దిగుతాయి.
ముడి విప్పకుండానే ఎవరిదో చెప్పేస్తాను.
పొగాకు కంపు కొడితే దైవశాస్త్రం కుర్రాడిది.
కర్పూరతైలం ఘాటు తగిలితే
బొగ్గునుసి పరిచిన బాటమీద
మైలు పందెం పరిగెత్తే ఎల్‌బ్రిడ్జ్ స్టొడార్డ్‌ది.
వాడి మేజోళ్ళు దులిపితే
పొయ్యి రాజేసుకోవచ్చు.

ఫుట్‌బాల్ వాళ్ళ కాన్వాసు చొక్కాలకి వేరే తొట్టి.
పైన బురద, బురద కింద గడ్డిమరక,
దాని కింద నెత్తురు.
ఆ వరసలోనే వదులుతాయి.
"అవతలి కాలేజీని ఉతికి ఆరేశాం, మిసెస్ కిన్సెల్లా!"
ముక్కు వంకరపోయిన పిల్లాడు కంచె అవతల్నించి అరుస్తాడు.
ఉతికి ఆరేసేది ఎవరో
నా నడుముని అడగాలి.
తలకి దెబ్బ తగలకుండా జుట్టు పెంచుతారట.
లోపలున్న సరుకుకి
అంత కాపలా దేనికో.

ఎందుకంటున్నానంటే, వాళ్ళ కఫ్‌లు నేను చూశాను.
చొక్కా నుంచి విడిగా ఊడొస్తాయి, గంజి పెట్టిన నారగుడ్డ.
పరీక్షల నెలొస్తే లోపలి అంచున
పెన్సిల్‌తో చీమలబారు.
యుద్ధాల తేదీలు, లాటిన్ క్రియల తోకలు,
కర్ణం మీది వర్గం ఏ రెంటి మొత్తమో.
ఓడెక్కకముందు కార్క్‌లో కన్యాస్త్రీలు దిద్దించిన అక్షరాలు
నన్నింకా వదల్లేదు.
నీళ్ళలో ముంచేముందు ఒక్కసారి చదువుతాను.
తప్పేముంది?
ఎలాగూ చెరిపేది నేనే.

మీ ఊళ్ళో వానాకాలం చదువంటారేమో,
నాది సబ్బునీళ్ళ చదువు.
జవాబులు బోలెడు వచ్చు.
ప్రశ్నలే ఒక్కటీ తెలీదు.

ఎనభై తొమ్మిది, జూన్. ఇంకా మంచు విడలేదు.
స్టొడార్డ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.
పందెంలో కూడా అంత రొప్పుతాడని అనుకోను.
"నా కఫ్‌లు! శనివారం పొరపాటున మూటలో..."
దండెం చూపించాను.
మల్లెపువ్వుల్లా వేలాడుతున్నాయి రెండూ.
పిల్లాడి మొహం వాటికంటే తెల్లబడింది.
"కూర్చో," అన్నాను. "పెన్సిలుందా?"
ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి
ఎడమ చేతిది మొదటినుంచీ చెప్పాను,
తర్వాత కుడి చేతిది.
మధ్యలో ఒకచోట వాడే తప్పు రాసుకున్నాడని
నాకెందుకో అనిపించింది. అదీ చెప్పాను.

రాసుకున్నాడు. లేవలేదు.
"ఇదంతా మీకు అర్థమవుతుందా?"
"నీకో?" అన్నాను.
చెవులు ఎర్రబడ్డాయి.
కాసేపటికి, నా వేళ్ళని కొరికి పగలగొట్టే
ఆ తెల్లటి పొడి డబ్బా చేతిలోకి తీసుకుని
"కుడి కఫ్‌లో మూడో వరస ఇదే," అన్నాడు.
"సోడియం కార్బొనేట్."
ఇరవై రెండేళ్ళు కాపురం చేశాక
మొగుడి అసలు పేరు ఎవరో చెప్పినట్టయింది.

పాసయ్యాడో లేదో నాకు చెప్పలేదు.
మైలు పందెంలో మాత్రం రెండోవాడొచ్చాడు,
మూటలో ఒక నారింజపండు పెట్టి పంపాడు.

నిరుటినుంచి సెల్యులాయిడ్ కఫ్‌లొచ్చాయి.
గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు.
తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే
రోము నగరం మాయం.
మూటలు తేలికయ్యాయి, నా డబ్బుల సంచి కూడా.
చివరగా చదివిన నారకఫ్
ఒక బక్కపలచటి కుర్రాడిది.
చంద్రుడికి మనకీ ఎంత దూరమో అందులో ఉంది.
రెండు లక్షల ముప్పై ఎనిమిది వేల...
ఆపైన అంకెలు
వాడి మణికట్టు చెమటకి అలికిపోయాయి.

కొండెక్కి ఎవర్నయినా అడగొచ్చు.
వెనక గుమ్మంలో నిలబెట్టయినా చెప్తారు.
అడగలేదు.
ఒక్కోనాడు దుప్పట్లు ఆరేస్తుంటే
దండెం చివర పగటి చంద్రుడు కనబడతాడు,
నీలిమందు ఎక్కువైన గుడ్డముక్కలా.
నోట్లో క్లిప్పులు పెట్టుకుని
ఉన్నంతవరకు లెక్కపెట్టుకుంటాను.