దక్షిణపు గోడలో చిన్న వాకిలి

చర్చి తాళంచెవి మా వంటింట్లో మేకుకు వేలాడుతుంది.
వేసవిలో పిరనీస్ కొండలెక్కడానికి వచ్చినవాళ్లు
బురద బూట్లతో తలుపు తడతారు.
లోపల చూసి, బయట చుట్టి వచ్చి
అందరూ అడిగేది ఒక్కటే:
దక్షిణపు గోడలో, నా భుజమెత్తున,
రాళ్లతో పూడ్చేసిన ఆ బుల్లి వాకిలి ఎవరికని.

ఇరవై ఏళ్లు చెప్పాను, "పిల్లలకండీ" అని.
నవ్వుకుని ఫోటో తీసుకునేవాళ్లు.

అది కాగోలకు.
కాగో అంటే ఏమిటో ఏ కాగోకూ తెలీదు.
కుష్ఠన్నారు, శాపమన్నారు,
వట్టికాళ్లతో తొక్కితే గడ్డి మాడిపోతుందన్నారు.
ఎర్రగుడ్డతో బాతుకాలు కత్తిరించి
చొక్కా మీద కుట్టుకోమన్నారు.
పట్నం నుంచి వైద్యులొచ్చి నరం కోసి చూశారు.
గిన్నెలో పడ్డది ఎర్రగానే ఉంది.
అదే రాసుకుని వెళ్లిపోయారు.
వాకిలి మాత్రం అంతే పొట్టిగా ఉంది.

వడ్రంగం ఒక్కటే వాళ్లకు వదిలారు,
చెక్కకు మైల అంటదట.
ఊయల వాళ్లు చేసిందే, శవపేటిక వాళ్లు చేసిందే,
ఆ రెంటికీ మధ్య బతికినన్నాళ్లూ ఎడం.
పూజలో ఫాదరు అప్పాన్ని
పొడుగాటి కర్ర కొసన పెట్టి వాళ్ల నోటికి అందించేవాడు.
ఆ కర్రకు చిత్రిక పట్టిందీ గిల్యెమే.
పేడు గుచ్చుకోకూడదు కదా,
పెదవులు తనవాళ్లవి.

పిడుగు పడి కప్పు కాలిన ఏడు
ఊరంతా అతని గుడిసె ముందు, అల్లంత దూరాన, నిలబడింది.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
తినని ఇంటి వాసాలు లెక్కపెట్టాడు గిల్యెమ్:
నూటపద్నాలుగు. అన్నీ ఓక్ చెక్కవే.
కూలి ఎంతంటే
"దిగాక చెప్తా" అన్నాడు.

ఆదివారం. పూజ నడుస్తోంది.
పలకలు పరచని ఆఖరి సందులోంచి
ముందు నిచ్చెన దిగింది,
ఆ వెనక రెండు పాదాలు, వట్టివి,
ఆ వెనక అతను.
పెద్ద వాకిలి దాటలేదు. చిన్న వాకిట్లో వంగలేదు.
పైనుంచి వచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో
ఏ కట్టుబాటులోనూ రాసి లేదు.
నడిమి బల్ల మీద కూచుని
రంపపు పొట్టు అంటిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.
తరిమెయ్యాలి.
తరమాలంటే తాకాలి.
ఫాదరు లాటిన్ తడబడింది, తేరుకుంది.

మరుసటి వారం నిచ్చెన మీద ఏడుగురు.
ఆ సందు పదకొండు నెలలు కప్పలేదతను.
వాన లోపలే కురిసింది, అందరి మీదా.
మంచు పడ్డ రోజున ఎవరో ముసలావిడ
తుమ్ముకుంటూ పెద్ద తలుపు తెరిచి పట్టుకుని
"ఇలా తగలడండి, ఆ కంత మూసి చావండి" అందట.
మా ఊరి సంస్కరణ చరిత్ర ఇంతే. ఒక జలుబు.

అతను పోతే పేటిక చేసింది కాగో కాదట.
మేకులన్నీ వంకర.

మా అమ్మమ్మ పెద్ద వాకిట్లోంచే వచ్చేది.
రెండు నిలువుల ఎత్తు వాకిలి,
అయినా గడప దగ్గర తల వంచేది.
భక్తి అనుకున్నాను.
మొన్న ఎవరో వెనకనుంచి తీసిన ఫోటో చూపించారు:
తాళం తీసి లోపలికి వెళ్తూ
నేనూ వంగి ఉన్నాను.

ఇవాళ ఒక కుర్రాడు అడిగాడు, వాకిలి ఎవరికని.
కూచోమన్నాను, నడిమి బల్ల చూపించి.
"ముందు నిచ్చెన దిగింది..."