ఏడు రూపాయల వాషరు

జీవకోనలో కొండకు ఆనుకున్న మూడో వరసలో
నాకొక గది, గదికొక కొళాయి,
కొళాయికొక జబ్బు.

టప్.
కాసేపటికి మళ్లీ, టప్.

మూడేళ్లుగా నా చదువు సాగకపోవడానికి
అదే కారణమని అందరికీ చెప్పుకున్నాను.
ఇంటాయన దొరసామి "చూస్తాంలే అబ్బోడా" అన్నాడు.
ఆయన చూడలేదు. నేనూ చూడలేదు.
ఇద్దరం కలిసి చూడకపోవడంలో
ఒక రకం స్నేహం కుదిరింది మాకు.

రాత్రి పుస్తకం తెరిస్తే టప్.
మూస్తే, నిజం చెప్పాలి, వినపడేది కాదు.

పక్క గది చెంగమ్మక్క
మూడింటికే లేచి ఊరిబిండి నూరుకుని
అలిపిరి ఆటోస్టాండు కాడికి ఇడ్లీ గంప మోసుకుపోతుంది.
పోతా పోతా నా తలుపుకేసి ఒక మాట:
"పడుకో నాయినా, పడుకో.
నీ కొళాయన్నా మేలుకోనుందిలే."
నవ్వుకుని అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఊర్నుంచి నాయన ఫోను.
"చదువు ఎందాకా వచ్చె?"
"నీళ్ల చప్పుడు నాయనా, ఏకాగ్రత కుదర్లా."
గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల లోడుతో
రెండు రాత్రులు ట్రాక్టరు కింద పడుకున్న మనిషి
"అట్లనా" అని ఊరుకునేవాడు.

ఈ ఎండాకాలం డ్యాము అడుగంటింది.
నాలుగు రోజులకొక ట్యాంకరు.
కొళాయి నోరు మూసుకుంది.

మొదటి రాత్రి ఎంత నిశ్శబ్దం!
పుస్తకం తీశాను. పెన్సిలు చెక్కాను.
ఫ్యాను రెక్క మీది దుమ్ము చూశాను.
చెక్కిన పెన్సిలే మళ్లీ చెక్కాను.
రెండో రాత్రి ఫోను.
మూడో రాత్రి ఫోను చచ్చిపోతే, బల్లి.
తొమ్మిదో రాత్రికి
మొదటి పేజీలోనే ఉన్నాను,
మూడేళ్ల కిందట నేనే గీసిన గీత దగ్గర.

చప్పుడు లేదు.
తిట్టడానికి గదిలో
నేను తప్ప ఎవరూ మిగల్లేదు.
ఫ్యాను తిరుగుతానే ఉంది, చెమట పట్టింది.

నీళ్లు వదిలిన పొద్దున
కొళాయి దగ్గి, గుర్రుమని, తుప్పు కక్కి,
టప్.
తప్పిపోయిన చుట్టం ఇంటికొచ్చినంత
సంతోషమేసింది నాకు.
ఆ సంతోషానికే సిగ్గేసింది.

తాతయ్యగుంట కాడ హార్డువేరు అంగట్లో
"వాషరా? ఏడు రూపాయలు."
పదిచ్చాను. చిల్లర లేదని చాక్లెట్టు ఇచ్చాడు.
నా మూడేళ్ల కారణం
జేబులో, చాక్లెట్టు పక్కన,
చొక్కా గుండీ అంత ఉంది.

చెంగమ్మక్కను స్పానరు అడిగితే
"ఎవురికి?" అంది.
"నాకే."
వాల్వు కట్టకుండానే విప్పేశాను.
మొహం, చాప, జనరల్ స్టడీసు, అన్నీ తడిశాయి.
ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.
బిగించాను, కొంచెం వంకరగా.

ఇప్పుడు కారదు.
కాదు, తెల్లారుజామున ఒకటి జారుతుంది.
ఆదివారం మళ్లీ విప్పాలి.

మూడింటికి పక్కగదిలో రోలు చప్పుడు మొదలైతే
నేనూ లైటు వేస్తున్నాను, అన్ని రోజులూ కాదు.
తడిసి ఆరిన కాగితాలు ఉబ్బి
తిప్పుతుంటే పెళపెళమంటాయి.
నాయనకు ఇంకా ఏమీ చెప్పలేదు.
పదకొండో పేజీలో ఉన్నాను.