కారిడార్‌లో చిక్కుడుకాయలు

బార్న్స్‌లీ ఆసుపత్రిలో నర్సు పిల్ల ఫారం నింపుతోంది.
మతం?
"లేదు" అన్నారు సువర్చల గారు, మాస్కు కిందికి లాగి.
వృత్తి?
ఆవిడ నా వైపు చూశారు.
గృహిణి అని చెప్పాను.
నర్సు పిల్ల ఆ గడిలోనూ "లేదు" అని రాసేసింది.
దగ్గులోనే నవ్వొచ్చింది ఆవిడకి.
"చూశావా, రెండు లేదులు.
నా నడుం విరిగింది ఈ రెంటితోనే."

ఆంజనేయుడి భార్య పేరు ఆవిడది.
మార్చుకోవచ్చుగా అని ఎవరైనా దెప్పితే
మా నాయనమ్మ పేరమ్మా,
దేవుడి దగ్గర అప్పు తెచ్చుకున్నది కాదు, అనేవారు.

నేను ఈ ఊరొచ్చేసరికే ఆ కథ పాతబడింది.
గనుల సమ్మెకి ముందటేడు
బళ్ళో పొద్దుటి ప్రార్థనకి కూతుర్ని పంపనని చీటీ రాశారట.
అలాగే, పిల్ల బయట కూర్చుంటుంది, అన్నాడట హెడ్మాస్టరు.
మర్నాడు పిల్ల పక్కన ఆవిడా కూర్చున్నారు,
మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో,
ఒళ్ళో చిక్కుడుకాయల సంచి.
లోపల పియానో.
బయట ఈనె తీస్తున్న చప్పుడు.

మూడో వారానికి గనికార్మికుడి కొడుకొకడు చేరాడు.
ఆపైన యెహోవా సాక్షుల ఇంటి కవలలు,
వాళ్ళ దేవుడికి ఆ ప్రార్థన గిట్టదు.
అందరి చేతుల్లోనూ చిక్కుడుకాయలే.
ఉరుమెలా పుడుతుందో చెప్పేవారట ఆవిడ.
కాదు, మా దేవుడే ఉరుముతాడు, అనేవారట కవలలు.
"సరే, ఉరమనీ.
పుచ్చులు మాత్రం ఏరి పారెయ్యండి."

నేను నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను.
మా ఇంట వ్రతమైతే ఆవిడ వంటింట్లోంచి కదిలేవారు కాదు.
రవ్వ దోరగా వేయించేది ఆవిడే,
నైవేద్యం పెట్టకముందే తీపి చూసేదీ ఆవిడే.
నేను లబోదిబోమంటే,
"మాడితే తినాల్సింది మనుషులేగా!"

నా రెండో కాన్పుకి పదకొండు రోజులు ఆసుపత్రిలోనే.
తాళాలు ఆవిడ చేతిలో పెట్టాను గానీ
దీపం మాట నోరు విడిచి అడగలేకపోయాను.
తిరిగొచ్చేసరికి కుంది వెలుగుతోంది.
"నూనె పోశాను. నమ్మకం పొయ్యలేదు.
ఆరిపోతే గడపలోనే ఏడుస్తావని" అన్నారు
పాలసీసాలు మరగబెడుతూ.

టౌన్‌హాల్లో సభకి ముందు ప్రార్థన వద్దని
పదహారేళ్ళు ఉత్తరాలు రాశారు,
బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని,
మధ్యమధ్య కూర కలుపుతూ.
గెలవలేదు.
ఒకసారెవరో కవర్లో కుక్క పెంట పెట్టి పంపారు.
ఇంకోసారి మనవాళ్ళే
ఉగాది పిలుపుల్లో ఆవిడ పేరు మరిచిపోయారు.
మొదటిది కడుక్కుంటే పోయింది, అన్నారు.

ఎదురింటి ఎడ్నా కొడుకు మోటార్‌సైకిల్ మీదనుంచి పడి పోయిన రోజు
ముందుగదిలో అందరం చేతులు పట్టుకుని నిలబడ్డాం.
పాస్టరు చదువుతున్నాడు.
ఆవిడా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.
ఒక కన్ను తెరిచి చూశాను.
ఆవిడవి రెండూ తెరిచే ఉన్నాయి.
ఎడ్నా కాళ్ళు తేలిపోకముందే
కింద ఆవిడ భుజం ఉంది.
అదేమిటి, కళ్ళు మూసుకోలేదేం, అని దారిలో అడిగితే
"అందరూ మూసుకుంటే
పొయ్యి మీద పాలెవరు చూస్తారే?"

ఇవాళ అడిగాను, మీకోసం మొక్కుకోనా అని.
"మొక్కుకో, నీకు నిద్ర పడుతుంది.
ఫ్రిజ్‌లో చిక్కుళ్ళున్నాయి, ముదిరిపోతాయి,
తీసుకెళ్ళు" అని కళ్ళు మూసుకున్నారు,
ఆవిడ, ఇన్నాళ్ళకి.

వార్డు బయట కూర్చున్నాను.
ఈ కుర్చీ పెద్దదే.
ఒళ్ళో సంచి.
దణ్ణం తర్వాత పెట్టుకుంటాను.
ఈనె తియ్యడానికి
రెండు చేతులూ కావాలి.