బూట్ల వాక్యం

నీ ఉద్యోగం ఏమిటని అడిగితే
థాంక్స్ చెప్పడం అంటాను.
దానికి జీతమిస్తారు,
పళ్ళకి బీమా కూడా.

రేవు మీద పొగమంచు దిగిన పొద్దున
యూనివర్సిటీ మూడో అంతస్తులో
ఓడల కోసం బూర మోగుతుంటే
నా ముందు ఎనిమిది వందల పేర్లు.
భవనమిచ్చిన వాళ్ళకి విందు, ఇత్తడి ఫలకం.
మిగతావాళ్ళకి కార్డు, మీద డీన్ సంతకం.
ఆ సంతకం నేనే పెడతాను.
ఇప్పుడది ఆయనకన్నా నాకే బాగా వచ్చు.

ఒకసారి కంప్యూటర్లో గడి తప్పి
రెండొందల పన్నెండు ఉత్తరాలు
"ప్రియమైన" అని మొదలై
తర్వాత ఎవరూ లేకుండానే వెళ్ళిపోయాయి.
ఒక ముసలాయన తిరుగు టపాలో రాశాడు:
"నన్నింత సరిగ్గా గుర్తుపట్టింది మీరే."
దాన్ని సొరుగులో దాచాను, స్టాప్లర్ కింద.

మా పై అధికారి కారిగన్ మంచివాడే.
ప్రతి కృతజ్ఞత చివరా ఒక వాక్యం ఉండాలంటాడు,
వచ్చే ఏడు ఇంకాస్త ఇవ్వాలనిపించేలా.
చల్లకొచ్చి ముంత దాచకూడదు, నిజమే,
అలాగని ముంత ఊపుతూ
దణ్ణం పెడితే ఏం బాగుంటుంది?

థర్జా పెల్లీకి ఎనభై మూడేళ్ళు.
వేట ఆగి ఫ్యాక్టరీ మూతపడేదాకా
కాడ్ చేపల ముళ్ళు తీసింది.
ఎముకలు తీసీ తీసీ
చివరికి తన చేతికే ఎముక లేకుండా చేసుకుంది.
నెలకి ఇరవై డాలర్లు,
పెన్షన్ పడిన మర్నాడే, భర్త గార్ఫీల్డ్ పేరిట.
మా పట్టికలో అట్టడుగు వరస ఆమెది.
ఏడాదికొక ఉత్తరం. ఫలకం లేదు.

ఈసారి ఆ డబ్బు కేలన్ రంబోల్ట్‌కి వచ్చింది.
లాబ్రడార్ తీరంలో రోడ్డు లేని ఊరు వాడిది.
ఉత్తరం రాయమని నాలుగుసార్లు అడిగాను.
ఐదోసారి గుమ్మంలో నిలబడ్డాడు.
"ఏం రాయాలి? ఆవిడెవరో నాకు తెలీదు."
"ఆ డబ్బు ఏం చేశావో రాయి."
వాడు నేలకేసి చూశాడు. నేనూ చూశాను.

"మీ డబ్బుతో పుస్తకాలు కొనలేదండీ,
అవి లైబ్రరీలో దొరుకుతాయి. బూట్లు కొన్నాను.
పాతవాటిలోకి నీళ్ళొచ్చేవి.
కొండెక్కి క్లాసుకొచ్చాక మధ్యాహ్నం దాకా
కాళ్ళున్నట్టే తెలిసేది కాదు.
ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటున్నా,
తడి సాక్సుల వాసన లేదు కదా."

కారిగన్ ఎర్రగీత గీశాడు:
బూట్లు తీసేసి విద్యా లక్ష్యాలు అని పెట్టు.
పెట్టాను.
"మీ ఉదారత నా విద్యా లక్ష్యాలకు తోడ్పడింది."
మళ్ళీ చదివాను.
ఏ నోటా పుట్టని వాక్యం,
ఏ చెవికీ చుట్టం కానిది.
ఆరు దాటి అందరూ వెళ్ళాక
ఎర్రగీత కిందనుంచి బూట్లు బయటికి లాగి
కవరు నాలుకతో తడిపి అంటించేశాను
మనసు మారేలోగా.

రెండు వారాలకి ఫోను.
"ఏ సైజు?"
"ఏమిటండీ?"
"ఆ పిల్లాడి కాళ్ళు.
గార్ఫీల్డ్ ఉన్ని సాక్సులున్నాయి పెట్టెలో, తొమ్మిది జతలు,
నేనల్లినవే. చిమ్మటలు పట్టనివ్వలేదు.
బూట్లొక్కటే వేస్తే సరిపోతుందా ఏం, ఈ చలికి?"

నియమాల ప్రకారం
దాతా విద్యార్థీ నేరుగా ఏమీ ఇచ్చిపుచ్చుకోరాదు.
వస్తువైతే ఏడో నంబరు ఫారం.
పేరు రాశాను, తేదీ వేశాను.
అంచనా విలువ అన్న గడి దగ్గర
సున్నా వేశాను, కొట్టేశాను,
ఇరవై వేశాను, అదీ కొట్టేశాను.
కొత్త ఫారం తీసి
ఆ గడి వదిలేసి మిగతావన్నీ నింపాను.

కేలన్‌కి ఫోన్ చేశాను.
"పదిన్నర" అన్నాడు, "ఎందుకండీ?"
చెప్పాను.
అవతల చాలాసేపు ఏమీ లేదు,
రేవు బూర రెండుసార్లు.
తర్వాత, మెల్లిగా,
"అయితే మళ్ళీ ఉత్తరం రాయాలా?"